మెరక వేసిన తోటలో మూడు చెట్లు

రాజోలు దాటి కాలవగట్టు వెంట కాస్త దూరం పోతే, మా ఓనరుగారు ఇళ్ళు కట్టి అమ్మడానికి కొన్న కొబ్బరితోట వస్తుంది. నేను ఆ సైటులో ఇంజనీరుగా చేరిన రోజు పొద్దున్నే స్కూటీ దిగి లోపలికి వెళ్ళేసరికి మేస్త్రీ ఇంకా రాలేదు, సర్వే చేసేవాళ్ళూ రాలేదు. పనసచెట్టు కింద మాత్రం నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, విసనకర్ర విసురుకుంటూ ఒక మామ్మగారు కూర్చున్నారు.

"ఇంజనీరువి నువ్వేనా అమ్మాయ్?" అన్నారు.

"ఆయ్, నేనేనండి."

"అయితే విను. ఈ తోట అమ్మింది నేను. ఈ పనస, అదిగో ఆ మామిడి, గుమ్మం దగ్గర ఆ పొగడ, ఈ మూడూ ఉంచుతానని మీ ఓనరు నా చేతిలో చెయ్యేసి చెప్పేడు. ఉంచుతాడో లేదో చూసి పోదామని రోజూ వస్తాను. నీకేం ఇబ్బంది లేదు కదా?"

ఇబ్బంది ఉందని ఆవిడ మొహం మీద చెప్పగలిగేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ ఉండరని నాకు అప్పుడే అర్థమైంది. లేదండి అన్నాను.

తోట ఎందుకు అమ్మేరో నేను అడక్కుండానే చెప్పేరు. కొబ్బరికాయలు దింపే మనుషులు దొరకడం లేదు. తోటని ఆనుకునే ఆవిడ ఇల్లు. చిన్నకూతురూ అల్లుడూ అక్కడే ఉంటారు. కూతురికి టైలరింగ్ షాపు, అల్లుడు బళ్ళో మాస్టారు. తోట మొహం చూసే తీరిక ఇద్దరికీ లేదు. "ఏడుస్తూ అమ్మలేదమ్మాయ్, ఇష్టపడే అమ్మేను. కొబ్బరిచెట్లంటే మళ్ళీ ఎవరైనా పెడతారు. ఈ మూడూ నేను ఈ ఇంటికి కాపరానికొచ్చేసరికే ఇంతంత ఉన్నాయి. ఇవి పోతే నేను చూస్తూండగా మళ్ళీ రావు," అన్నారు. అని, నా చేతిలో ఒక జీళ్ళ పొట్లం పెట్టేరు. ఉద్యోగంలో చేరిన రోజు స్వీటు పెట్టింది ఆవిడొక్కరే.

నేను సివిల్ చదివి హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టే సైట్లలో కొన్నేళ్ళు పనిచేసేను. మావారికి అమలాపురం కాలేజీలో ఉద్యోగం రావడంతో ఇటొచ్చేం. ఇంట్లో కూర్చోలేక వెతుక్కుంటే ఈ పని దొరికింది. మా ఓనరుగారు చాలా ఏళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి, తరవాత అక్కడే సొంతంగా బళ్ళు తిప్పి, తిరిగొచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడతారు, అంతకన్నా గట్టిగా నవ్వుతారు. ఆ రోజు నన్ను తోటంతా తిప్పి చూపించి, చివరికి మామిడి కింద ఆగేరు.

"కువైట్‌లో మేముండే వీధి మొత్తానికీ ఒక్కటే చెట్టమ్మా. దాని మొదట్లోకి నల్ల పైపొకటి వేసి చుక్కచుక్కా నీళ్ళు పట్టేవారు. దాని నీడలో బండి పెట్టుకోడానికి మా డ్రైవర్లం వంతులేసుకునేవాళ్ళం. అలాంటోణ్ణి, ఇక్కడికొచ్చి ఇంత చెట్టు కొట్టించేనంటే నాకే నవ్వొస్తాది. కొబ్బరిచెట్లు కొన్ని తియ్యక తప్పదు, ఇళ్ళు గాల్లో కట్టలేం కదా. ఈ మూడింటి పూచీ మాత్రం నీది."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

మేస్త్రీగారికి ఇదంతా పెద్ద విషయంలా కనపడలేదు. తాపీపనిలో జుట్టు నెరిసిన మనిషి. ఏం చెప్పినా ముందు "దాందేవుందండి" అంటారు. "చెట్టుంచడానికి మనం చేసేదేముందండి మేడమ్ గారూ, గొడ్డలెయ్యకుండా ఉంటే అదే ఉంటాది," అన్నారు. నేనూ అలాగే అనుకునేదాన్నేమో, హైదరాబాదులో ఒక వేపచెట్టుని చూసి ఉండకపోతే.

అది మేం కట్టిన ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన ఉండేది. ఎవరూ ఒక్క కొమ్మ కూడా నరకలేదు. కాకపోతే నేల ఎత్తు చేసినప్పుడు దాని మొదలంతా మట్టితో కప్పేసి, పైన టైల్స్ పరిచేరు. గృహప్రవేశాల రోజు అందరూ దాని కింద నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. రెండో వేసవికి అది నిలువునా ఎండిపోయింది. దిష్టి తగిలిందన్నారు కొందరు. నాకు అనుమానమొచ్చి చదివి చూస్తే తెలిసింది, వేళ్ళకి గాలాడక పోయిందని. మన కాళ్ళ కింద మట్టిలో అవి ఊపిరి పీల్చుకుంటూ ఉంటాయని అంతకు ముందు నేనెప్పుడూ అనుకోలేదు.

కోనసీమలో ఇల్లంటే ముందు మెరక. తోటలన్నీ రోడ్డుకన్నా పల్లంలో ఉంటాయి. లారీల కొద్దీ మట్టి తోలించి, నేలని రోడ్డు కన్నా ఎత్తుకి తెచ్చుకుని, అప్పుడు ముగ్గు పోస్తారు. ఈ తోటకి నడుంలోతు మెరక పడాలి. మట్టి లారీలు మొదలవకముందే నేను ఓనరుగారినీ మేస్త్రీగారినీ కూర్చోబెట్టి చెప్పేను. ఈ మూడు చెట్ల చుట్టూ గోడ కట్టాలి, లోపల పాత నేల పాత ఎత్తులోనే ఉండాలి, మట్టి గోడ అవతలే ఆగాలి, చెట్టు నూతిలో నిలబడ్డట్టు ఉంటుంది అని.

"నూతిలోనా? దాందేవుందండి," అన్నారు మేస్త్రీగారు. "నూతి వరలు తెప్పించి దింపేద్దాం. పెద్ద సైజువి దొరుకుతాయి. పొద్దున్న మొదలెడితే మజ్జాన్నం భోజనాలకి పనైపోతాది."

ఎంత ధీమాగా చెప్పేరంటే అందరం తలూపేం. నేను కూడా. ఓనరుగారు అప్పటికప్పుడు ఫోన్ చేసేరు. మర్నాడు ట్రాక్టరు మీద గుండ్రటి సిమెంటు వరలు దిగేయి. కూలీలు మొదటి వరని దొర్లించుకుంటూ మామిడిచెట్టు దాకా తీసుకొచ్చి ఆగేరు. వర వంక చూసేరు. చెట్టు వంక చూసేరు. మేస్త్రీగారు తల మెల్లిగా పైకెత్తి, మొదటి కొమ్మ నుంచి చివరి చిగురు దాకా చూసుకుంటూ వెళ్ళేరు.

వెనకాల కుర్చీలోంచి మామ్మగారు అడిగేరు. "పైనించి తొడుగుతారా నాయనా, గాజులాగా?"

ఆ నవ్వు ఎంతసేపు నడిచిందో చెప్పలేను. వర పట్టుకున్న కూలీలు నవ్వలేక దాన్ని వదిలేసి కూర్చుండిపోయేరు. ట్రాక్టరు డ్రైవరు కూడా దిగొచ్చి సంగతి కనుక్కుని మళ్ళీ మొదలెట్టేడు. ఓనరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఇంజనీరొకరు, మేస్త్రీ ఒకరు, గల్ఫు చూసొచ్చిన ఓనరొకడు. ముగ్గురికీ తట్టలేదేంటమ్మా!" అన్నారు. మేస్త్రీగారు కూడా నవ్వేసి, "దాందేవుందండి, ఇటికలతో కడదాం," అన్నారు. వరలు తరవాత ఇంకుడుగుంటలకి పనికొచ్చేయి.

ఇటికలతో కట్టిన గోడలు నిజంగా అందంగా వచ్చేయి. గాలాడాలని మధ్యమధ్య సందులొదిలి, మొదలుకి బాగా దూరంగా గుండ్రంగా కట్టించేను. కొమ్మలు ఎంత దూరం పాకితే వేళ్ళూ కనీసం అంత దూరం పాకుతాయి. గోడ అంత దూరం కట్టలేం. అందుకని గోడ బయట కూడా కొంతమేర మట్టి పొయ్యకముందు కొబ్బరి డొక్కలు, అదే కాయల మీద పీచుతొక్కలు, మందంగా పరిపించి, వాటి మధ్య చిల్లులు పెట్టిన పైపులు నిలబెట్టేం, గాలీ నీళ్ళూ కిందికి దిగడానికి. కొబ్బరి డొక్కలకి మాకు కరువేముంది. లారీ చక్రం కింద నేల గట్టిపడకుండా కూడా అవే కాపాడేయి. గోడల అడుగు నుంచి వాననీళ్ళు పోయేందుకు పక్క కాలవలోకి ఒక్కో గొట్టం పెట్టేం.

ఆ తరవాత సరుగుడు కర్రలు పాతి, ఆకుపచ్చ నెట్టు కట్టి, ప్రతి చెట్టు చుట్టూ దడి కట్టించేను. లోపల ఎవరూ సిమెంటు బస్తాలు పెట్టకూడదు, ఇసక పొయ్యకూడదు, తట్టలు కడిగిన నీళ్ళు పారబొయ్యకూడదు అని చెప్పేను. నాకు చాలా గొప్ప పని చేసినట్టనిపించింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ గొప్ప కాస్తా పోయింది. క్యారేజీలు పట్టుకుని ఆడకూలీలందరూ దడి ముందు వరసగా నిలబడ్డారు.

వాళ్ళలో అందరికన్నా గలగలా మాట్లాడే ఒకావిడ నడుం మీద చెయ్యేసుకుని, "నీడకి కూడా గేటు పెట్టేసేరేంటండీ మేడమ్ గారూ? మేం ఎండలో తినాలాండి?" అంది.

నిజమే. కొబ్బరిచెట్లు చాలావరకూ తీసేసేక సైటులో నీడంటూ ఉన్నది ఆ మూడు చెట్ల కిందే. నేను నోరు తెరిచేలోపు మామ్మగారు కుర్చీ ఎత్తుకుని దడి లోపలికి వెళ్ళి కూర్చుని, "రండర్రా, లోపలికి రండి. మనుషులు కూర్చుంటే చెట్టుకేం కాదు. మీ మేడం భయమంతా బస్తాల గురించి. అంతే కదా అమ్మాయ్?" అన్నారు.

"ఆయ్, అంతేనండి," అన్నాను, బతికేననుకుని.

అప్పట్నించి అదే చట్టమైపోయింది. మనుషులు లోపలికి, సామాను బయటికి. దాన్ని అమలు చేసే అధికారం మామ్మగారు ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నారు. తాపీ పట్టుకుని లోపలికొస్తే వెనక్కి పంపేసేవారు. ఒకసారి ఓనరుగారు రంగుల డబ్బా ఒకటి మర్చిపోయి దడిలో పెడితే, ఆయన్ని కూడా పేరు పెట్టి పిలిచి తీయించేరు. ఆయన బుద్ధిగా తీసేరు. భోజనాల వేళ ఆ నీడలో ఎవరి క్యారేజీ ఎవరిదో తెలిసేది కాదు. గోంగూర రొయ్యలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నడిచిపోతూ ఉండేవి. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలని జాలిగా చూసి వాళ్ళలో ఎవరో ఒకరు అన్నం ముద్ద పెట్టేవారు.

పొగడతో మాకు పెద్ద పేచీ రాలేదు. ఓనరుగారికి గేటు దగ్గర రెండు గుర్రాలతో ఒక ఆర్చి కట్టించాలని కోరిక. పొగడ సరిగ్గా ఎడంపక్క గుర్రం నిలబడాల్సిన చోట ఉంది. ఆయన రెండురోజులు చెట్టు చుట్టూ తిరిగి, పూలు రాలిన చోట ఒక గుప్పెడు ఏరుకుని జేబులో వేసుకుని, "గుర్రాలొద్దులే, చిన్న బోర్డు చాలు. ఇంత వాసన ఏ గుర్రం ఇస్తాది," అన్నారు. పనస మొదటి ప్లానులో నడిరోడ్డు మీదికి వచ్చింది. రోడ్డుని అక్కడ రెండుగా చీల్చి, చెట్టుకి అటూ ఇటూ పోనిచ్చి, దాటేక మళ్ళీ కలిపేం. మేస్త్రీగారు దానికి కూడా దాందేవుందండి అన్నారు.

మామిడి దగ్గరే చిక్కొచ్చి పడింది.

మామిడి ఉన్న ప్లాటు చూడటానికి, దగ్గర్లోనే ఉన్న నగరం అనే ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముప్పై ఏళ్ళ ఆవిడా, ఆవిడ మావగారూ, వాళ్ళ వెంట వాస్తు చూసే సిద్ధాంతిగారూ. ఆవిడ భర్త ఖతార్‌లో పని చేస్తున్నారు. ఆయన ఫోనులో వీడియో కాల్‌లో ఉన్నారు. సిద్ధాంతిగారు వేదం చదువుకున్న కుటుంబంలో పుట్టి, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ముగ్గు పోసిన గీతల మధ్య నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి చూసి, మామిడి వైపు తిరిగి పెదవి విరిచేరు.

"ఈశాన్యంలో ఇంత చెట్టా అమ్మా?"

మావగారు వెంటనే, "నేననుకుంటూనే ఉన్నాను. ఈశాన్యం బరువు పనికిరాదు. చెట్టు తీయిస్తే మాట్లాడుకుందాం," అన్నారు.

ఫోనులోంచి భర్త గొంతు వినపడింది. "తీసేయమనండి నాన్నగారూ, మిషను పెడితే ఒక్కపూట పని."

అప్పటికే మామ్మగారు కుర్చీతో సహా దగ్గరికి వచ్చేసేరు. "ఫోనులో మాట్లాడేది ఎవరు తల్లీ?"

"మా ఆయనండి," అందావిడ బిడియంగా.

"ఎండలో ఉన్నాడా, నీడలో ఉన్నాడా అడుగు."

ఫోనులో ఆయన విని నవ్వేడు. "ఏసీ రూములో ఉన్నానండి మామ్మగారూ."

"అలా చెప్పు. నీకేం నాయనా, చల్లగా కూర్చుని ఎన్ని చెట్లైనా తియ్యమంటావు."

మావగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయేరు గానీ మాట మాత్రం మార్చుకోలేదు. నేను సిద్ధాంతిగారిని పక్కకి పిలిచి, దీనికి శాంతి అదీ ఏమైనా ఉందాండి అని అడిగేను. ఆయన తల అడ్డంగా ఊపేరు. "శాస్త్రం చెట్టు కొట్టమని చెప్పదమ్మా. ఈశాన్యం తేలిగ్గా ఉండాలంటుంది, అంతే. ఇదే చెట్టు నైరుతిలో ఉండుంటే నేనే దగ్గరుండి కొనిపిద్దును. నైరుతికి బరువు కావాలి. కానీ చెట్టు నడిచి వెళ్ళదు కదా."

నైరుతి అనే మాట నా చెవిలో ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయేక ఒక పుల్ల తీసుకుని మెరక మట్టి మీద గీతలు గీసేను. మామిడి ఉన్న చోట నాలుగు ప్లాట్ల మూలలు కలుస్తాయి. గీతల్ని కాస్త పడమటికీ, కాస్త దక్షిణానికీ జరిపితే చెట్టు ఈ ప్లాటులోంచి బయటపడి, ఎదురుమూల ప్లాటులోకి వెళ్తుంది. ఆ ప్లాటుకి అది సరిగ్గా నైరుతి మూల. చెట్టు కదలక్కర్లేదు, మేం గీసిన గీతలు కదిలితే చాలు. ఎక్కడి మట్టి అక్కడే ఉండగా, దోషమల్లా బలమైపోతుంది.

నేను పుల్లతో గెంతినంత పని చేస్తే మామ్మగారు, "ఏమైందే, తేలు కుట్టిందా?" అని కంగారు పడ్డారు.

పడమటి ప్రహరీని ఆనుకుని వదిలిన ఖాళీ, దక్షిణాన చెత్తకుండీలకని ఉంచిన జాగా కలిపి సర్దితే వరసలన్నీ జరిగేయి. ప్లాను మార్చి మళ్ళీ అనుమతికి తిరగాల్సొచ్చింది. ఓనరుగారు తిరిగేరు. తిరిగిన ప్రతిసారీ నాకు ఫోన్ చేసి, "ఇంజనీరమ్మా, నీ మామిడికాయలు నాకు బుట్టెడు రాసిపెట్టు," అనేవారు. మామిడి పక్కన ఇంటి మూలకి పునాదిగోడ కోసం తవ్వకుండా, స్తంభాల మీద బీము వేసి వేళ్ళ మీదుగా దాటించేం. మేస్త్రీగారు స్తంభం గోతులు మిషనుతో కాకుండా మనుషులతో తవ్వించి, లావుపాటి వేరు కనపడితే గొయ్యి పక్కకి జరిపించేరు.

గీతలు మారిన కొద్దిరోజులకి ఆ నగరం ఆవిడ ఒక్కతే ఆటోలో వచ్చింది. తాము అడిగిన ప్లాటు ఈశాన్యం ఖాళీగా ఉందని చూసుకుంది. తరవాత గోడ అవతల మామిడిని చూసింది. చూస్తూ నిలబడిపోయింది. అప్పటికి చెట్టు నిండా పూత. తేనెటీగల మోత దూరానికే వినపడుతోంది.

"ఆ చెట్టున్న ప్లాటు ఎవరు తీసుకున్నారండీ?"

"ఇంకా ఎవరూ తీసుకోలేదండి. ఓడలరేవులో గ్యాసు ప్లాంటులో పనిచేసే ఒకాయన రేపొచ్చి చూస్తానన్నారు."

ఆవిడ అక్కడికక్కడే ఖతార్‌కి వీడియో కాల్ చేసింది. "ఏవండీ, మన చెట్టు పక్కింటికి వెళ్ళిపోతోందండి!"

"తీసేయమన్నాం కదే?"

"అప్పుడు ఈశాన్యం. ఇప్పుడు నైరుతి!"

ఫోనులో ఆయనకి ఏం అర్థమైందో తెలీదు గానీ, సరేననక తప్పలేదు. మర్నాడు మావగారు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని, మామిడి ప్లాటుకి బయానా ఇవ్వడానికి ఓడలరేవు ఆయన కన్నా ముందే వచ్చేరు. సిద్ధాంతిగారు దిక్సూచి తీసి, చూసి, నా వంక చూసి మెల్లిగా నవ్వేరు. "నడిపించేవే అమ్మా చెట్టుని," అన్నారు. ఆ మాట నేను చాలామందికి చెప్పుకున్నాను.

ఇళ్ళు పైకి లేచి, స్లాబులు పడి, అంతా బాగానే నడుస్తోంది అనుకుంటూండగా వాయుగుండం పట్టుకుంది. ముసురు విడవకుండా కురిసింది. పని ఆగిపోయింది. కూలీలు ఊళ్ళకి వెళ్ళిపోయేరు. మామ్మగారు కూడా లేరు. కంటి ఆపరేషనుకి కూతురు ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్ళింది. వాన తెరిపివ్వగానే రెయిన్‌కోటు వేసుకుని సైటుకి వెళ్తే, పొగడ నిగనిగలాడుతోంది, మామిడి బాగుంది. పనస చుట్టూ కట్టిన గోడ లోపల మాత్రం నిండా నీళ్ళు. చెట్టు నిజంగానే నూతిలో నిలబడినట్టుంది. కప్పలు హాయిగా ఈదుతున్నాయి. నీళ్ళ మీద పచ్చటి ఆకులు, పసుపుపచ్చటి ఆకులు తేలుతున్నాయి. తల ఎత్తి చూస్తే కొమ్మల మీద ఇంకా చాలా పసుపుపచ్చగా ఉన్నాయి.

మామిడి నీళ్ళని కొంత ఓర్చుకుంటుంది. పనస ఓర్చుకోదు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే తొందరగా పోతుంది. మేస్త్రీగారికి ఫోన్ చేసేను. ఆయన ఈసారి దాందేవుందని అనలేదు. "వస్తన్నానండి," అని పెట్టేసేరు. వస్తూ ఊళ్ళో ఉన్న మనుషుల్ని, మాకు నీడ గురించి నేర్పిన ఆ గలగలావిణ్ణి కూడా వెంటపెట్టుకొచ్చేరు. ఓనరుగారు లుంగీ మీదే వచ్చేసేరు.

గోడలకి నీళ్ళు కొట్టడానికి వాడే మోటారు తెచ్చి నీళ్ళు తోడటం మొదలెట్టేం. తోడుతుంటే పక్క మట్టిలోంచి మళ్ళీ ఊరుతున్నాయి. కాలవలోకి పెట్టిన గొట్టం పనిచేస్తుంటే ఇన్ని నీళ్ళు ఉండకూడదు. నేనూ మేస్త్రీగారూ ఆ గొట్టం వెంట మట్టి తవ్వించుకుంటూ వెళ్ళేం. సగం దూరంలో అతుకు ఊడి, దాంట్లో ఒక కొబ్బరి డొక్క అడ్డంపడి, దాని వెనకాల ఖాళీ సిమెంటు సంచి ఒకటి బిరడా లాగా బిగుసుకుని ఉంది. మేస్త్రీగారు చెయ్యి భుజం దాకా పెట్టి లాగేరు. లాగిన మరుక్షణం గోతిలోంచి బురదనీళ్ళు చిమ్మి ఆయన మొహం, నా మొహం, ఓనరుగారి లుంగీ ఏకం చేసేయి. మేం మొహాలు తుడుచుకుని చూసేసరికి గొట్టం గలగలా పారుతోంది. గలగలావిడ కప్పల్ని తట్టలోకి ఏరి, "పదండమ్మా, కాలవలోకి," అని సాగనంపింది.

ఆ అతుకు దగ్గర ఇటికలతో తొట్టి కట్టి, పైన మూతపెట్టి, గొట్టం మూతికి జాలీ బిగించేం. గోడ లోపల నేల బురదగా ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. అయినా ఆకులు రాలుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వచ్చి కింద రాలినవి చూసి, పైన మిగిలినవి చూసి, గుబులుగా పనిలో పడేదాన్ని.

ఆ రోజుల్లోనే కాకినాడ నుంచి మామ్మగారు ఫోన్ చేసేరు. కన్ను బాగుందనీ, నల్లకళ్ళద్దాలు పెట్టేరనీ చెప్పి, "నా పనస ఎలా ఉందే?" అని అడిగేరు.

బాగుందని చెప్పేద్దామా అనిపించింది. కంటి ఆపరేషనైన మనిషి, ఏడవకూడదు కూడా. కానీ ఆవిడతో అబద్ధమాడి నెగ్గడం ఎలాగో నాకు తెలీదు. జరిగిందంతా చెప్పేను, కప్పలతో సహా.

"నీళ్ళన్నీ పోయేయా?"

"పోయేయండి. మళ్ళీ నిలవవండి."

"మేస్త్రీ మొహానికి బురద కొట్టిందన్నావు?"

"ఆయ్, నాక్కూడానండి."

ఆవిడ పకపకా నవ్వేరు. కూతురు పక్కనుంచి, "అమ్మా, నవ్వకూడదన్నారు, కన్ను!" అని కేకెయ్యడం వినపడింది. "ఉండవే. అమ్మాయ్, చెయ్యాల్సింది చేసేరు. ఇంక దాన్ని దాని మానాన వదిలెయ్యండి. అది నాకన్నా మొండిది," అని పెట్టేసేరు. ఆ ఫోను తరవాత నాకు కడుపు నిండా అన్నం దిగింది.

ఆవిడ తిరిగి వచ్చిన రోజు కూతురు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నల్లకళ్ళద్దాల్లో మామ్మగారు మా అందరికన్నా దర్జాగా ఉన్నారు. గోడ పక్క మెట్లు దింపి లోపలికి తీసుకెళ్తే చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి, గోటితో బెరడు చిన్నగా గిల్లి, "పచ్చిగానే ఉంది," అన్నారు. అప్పుడే ఆ కూతురు పైకి చూపించి, "అమ్మా, చిగురు!" అంది. నిజంగానే ఆకులు రాలిన కొమ్మల చివర లేతాకుపచ్చ మొగ్గలు విచ్చుకుంటున్నాయి. నిన్న నేను చూసినప్పుడు లేవు, లేదా నేను కింద రాలిన ఆకులే చూస్తూ పైన సరిగా చూడలేదు. మేస్త్రీగారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు. ఓనరుగారు అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించేరు.

ఇళ్ళు పూర్తయి ఒక్కో కుటుంబమూ చేరుతూ వచ్చింది. ఆ పై ఏడు పనస మొదలు చుట్టూ కాయలు దిగేయి. నడిరోడ్డు మీద చెట్టు కాయలు ఎవరివి అని పెద్ద చర్చ వచ్చింది. అటు ఇంటివాళ్ళు తమ వైపు వేలాడేవి తమవన్నారు, ఇటు వాళ్ళు మొదలు తమ వైపుకి ఉందన్నారు. మామిడింటావిడ, "చెట్టు కొట్టమన్నదీ మేమే, కావాలన్నదీ మేమే, కనక నా మాట వినండి. అందరం కలిసి కొట్టుకుందాం," అంది. చివరికి ఆదివారం పొద్దున్న చెట్టు కిందే కత్తిపీటలు వేసి, చేతులకి నూనె రాసుకుని, లేత కాయలు కొట్టి పొట్టు తీసేరు. మామ్మగారు కుర్చీలో కూర్చుని ఎవరు ముక్క లావుగా కొడుతున్నారో పేరుపేరునా చెప్పేరు. ఆవపెట్టిన పనసపొట్టు కూర అన్ని ఇళ్ళలోనూ ఒకే రోజు తాలింపు పడితే, ఆ వాసనకి కాలవగట్టు మీద పోయే ఆటోలు కూడా నెమ్మదించేయని మేస్త్రీగారు అంటారు. నాకు రెండు డబ్బాలు పంపేరు. మా అత్తగారు తిని, "ఇది నీ ఉద్యోగంలో వచ్చిందా?" అని ఆశ్చర్యపోయేరు.

చెట్ల పని ఒకసారి చేసి ఊరుకుంటే అయిపోయేది కాదని ఇప్పుడు తెలుస్తోంది. మొన్నామధ్య మామిడి కొమ్మ సోలార్ పలకల మీదికి వాలిందని కబురొస్తే, కొమ్మలు సరిగ్గా కోసే మనిషిని తీసుకెళ్ళి, ఎంతవరకు కొయ్యాలో చూపించి కోయించి వచ్చేను. ఇంకోసారి ఎవరో గోడ లోపల సిమెంటు చేయించి బల్లలు వేయిద్దామన్నారు. మళ్ళీ మొదటి నుంచి ఆ వేపచెట్టు కథ చెప్పేను. ఓపిగ్గా విన్నారు. బల్లలు గోడ బయటే వేసేరు.

పోయిన వారం ఓనరుగారు కొత్తపేట వైపు ఇంకో తోట చూసేరు. మొదటి తోటకైతే ముందు ప్లాను గీయించి, ఆ తరవాత నన్ను పిలిచేరు. ఈసారి ఒట్టి నేల మీద నన్నూ మేస్త్రీగారినీ తీసుకెళ్ళి వదిలేరు. తోట మధ్యలో మూడు నిలువుల చింతచెట్టు ఒకటి ఉంది. మేస్త్రీగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రోడ్డు తూర్పుగా పోవాలన్నారు. నేను పడమరగా అన్నాను. ఆయన పుల్ల తీసుకున్నారు, నేనూ ఒకటి తీసుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆ నీడలో కూర్చుని మట్టి మీద గీసుకుంటూ, చెరుపుకుంటూ, మళ్ళీ గీసుకుంటూనే ఉన్నాం.